కూచిపూడి నేర్చిన అమ్మాయి లిబరల్ ఆర్ట్స్ కాలేజీలో నృత్యం చదవడం మంచిదేనా?

చెన్నై వేళచ్చేరి నుంచి ఒక తల్లిగారు అడిగిన ప్రశ్న సారాంశం ఇది. వారి అమ్మాయి చిన్నప్పటి నుంచి కూచిపూడి నేర్చుకుంటోంది, రంగప్రవేశం కూడా అయింది, ఇప్పుడు పదకొండో తరగతిలో బయాలజీ గ్రూపు చదువుతోంది. నృత్యాన్ని వదలకుండా, దానితోపాటు సైకాలజీయో జీవశాస్త్రమో చదవగలిగే లిబరల్ ఆర్ట్స్ కాలేజీలో, అంటే ఒకే రంగానికి కట్టుబడకుండా పలు విషయాలు కలిపి చదివించే కాలేజీలో, చేరతానని పట్టుబట్టింది. అక్కడ నృత్యం నిజంగా చదువేనా లేక కాలక్షేపమా, ఇన్నేళ్ల కూచిపూడి ఏమవుతుంది, అంతకన్నా ఇంటికి దగ్గరలో ఉన్న కళాక్షేత్రలో చేర్చడం మేలు కదా, ఖర్చు మాటేమిటి, రేపు బతుకుతెరువు ఏమిటి అన్నవి ఆమె సందేహాలు. నేను అమెరికా తూర్పు తీరంలోని ఒక చిన్న కాలేజీలో నృత్యం ప్రధానాంశంగా పట్టా తీసుకుని, తిరిగివచ్చి అడయారులో కూచిపూడి నేర్పుతున్నాను. మా దగ్గర నేర్చుకునే పిల్లల్లో కొందరు ఇలాంటి దరఖాస్తులు పెడుతుంటారు కాబట్టి ఈ విషయంలో నాకు తెలిసినది కాస్త వివరంగానే చెబుతాను.

అన్నిటికన్నా ముందు చెప్పవలసిన మాట ఒకటుంది. నాలుగేళ్ల లిబరల్ ఆర్ట్స్ చదువు మీ అమ్మాయిని ఇప్పటికన్నా గొప్ప కూచిపూడి నర్తకిని చేయదు. ఆ పని గురువుగారి వల్ల, ప్రతిరోజూ చేసే సాధన వల్ల జరగాలి. అమెరికా కాలేజీలో పట్టాకు సుమారు 32 కోర్సులు పూర్తి చేయాలి. నృత్యం మేజరుగా, అంటే ప్రధానాంశంగా, తీసుకున్నా అందులో దానికి చెందినవి పది పన్నెండు మాత్రమే ఉంటాయి. టెక్నిక్ తరగతి సాధారణంగా వారానికి రెండుసార్లు, ఒక్కోసారి గంటన్నర చొప్పున జరుగుతుంది. రోజూ పొద్దున్నే అడుగులు వేసి, సాయంత్రం అంశాలు అభ్యాసం చేసే పిల్లకు ఇది చాలా తక్కువ. నృత్యమే మూడింట రెండు వంతులు ఆక్రమించే బి.ఎఫ్.ఏ. (బ్యాచిలర్ ఆఫ్ ఫైన్ ఆర్ట్స్) చదువులు వేరే ఉన్నాయి, అయితే వాటిలో బ్యాలే, మోడరన్ పద్ధతులదే పెత్తనం కనుక కూచిపూడి పిల్లకు వాటిని నేను సూచించను. నృత్యం చుట్టూ ఉన్న జ్ఞానం కావాలనుకునేవారు లిబరల్ ఆర్ట్స్ వైపు చూడాలి, నృత్యం ఒక్కటే చాలనుకునేవారికి అది తగిన చోటు కాదు.

ఇక అది చదువేనా అన్న సందేహం. అమెరికాలో నృత్యం విశ్వవిద్యాలయంలోకి వచ్చింది వ్యాయామ విద్య ద్వారం గుండా. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో జీవశాస్త్రం చదివి, ఆడపిల్లలకు బాస్కెట్‌బాల్ నేర్పుతూ ఉండిన మార్గరెట్ హ్‌డౌబ్లర్ అనే ఉపాధ్యాయిని పూనికతో 1926లో అక్కడ నృత్యంలో పట్టా చదువు మొదలైంది. ఆ దేశంలో అదే మొదటిది. ఆమె తరగతి గదిలో అస్థిపంజరాన్ని నిలబెట్టుకుని ఎముకలు, కీళ్లు ఎలా కదులుతాయో చూపిస్తూ పాఠం చెప్పేవారు. తరువాత వెర్మాంట్‌లోని బెన్నింగ్టన్ కాలేజీలో 1934 నుంచి నడిచిన వేసవి నృత్య పాఠశాలలో మార్థా గ్రాహం, డోరిస్ హంఫ్రీ వంటివారు పాఠాలు చెప్పారు. అమెరికా మోడరన్ డ్యాన్స్‌కు దేశవ్యాప్తంగా నిలదొక్కుకునే బలం అక్కడే దొరికింది. ఇద్దరు నర్తకులు ఒకరి బరువు ఒకరిపై మోపి, ముందుగా అనుకోకుండా కదిలే కాంటాక్ట్ ఇంప్రొవైజేషన్ పద్ధతికి 1972లో ఓబర్లిన్ కాలేజీలో స్టీవ్ పాక్స్‌టన్ చేసిన ప్రదర్శనే పునాది. అంటే ఈ చిన్న కాలేజీలు నృత్యాన్ని నేర్పడంతో ఆగిపోలేదు, కొత్త పద్ధతులు అక్కడే పుట్టాయి. కాలక్షేపం అన్న భయం మీరు పెట్టుకోనక్కరలేదు.

తరగతిలో ఏం జరుగుతుందో ఒక్క ఉదాహరణ చెబితే మీకు స్పష్టమవుతుంది. నృత్యం సొంతంగా కూర్చడం నేర్పే కంపోజిషన్ అనే కోర్సులో తొలి అభ్యాసాల్లో ఒకటి తరచూ ఇలా ఉంటుంది: సంగీతం లేకుండా రెండు నిమిషాల నృత్యం కల్పించాలి, గదికి ఒక మూల నుంచి ఎదుటి మూలకు చేరాలి, చూసేవారి వైపు ఒక్కసారి కూడా నేరుగా తిరగకూడదు. బ్యాలే నేర్చినవారికీ ఇది కష్టమే, కానీ మన పిల్లల అవస్థ వేరుగా ఉంటుంది. జతి (తాళానికి కట్టిన అడుగుల వరుస) ముగింపు రాగానే వాళ్ల ఒళ్లు తెలియకుండానే ముందుకు తిరిగి, అరమండిలో (మోకాళ్లు పక్కలకు వంచి సగం కూర్చునే భంగిమలో) కూర్చుని, చేయి చాచి, చూపు ప్రేక్షకుల మీద నిలుపుతుంది. తీర్మానం, అంటే జతిని ముగించే అడుగుల వరుస, అక్కడే పడాలని వాళ్ల ఎముకల్లో ఇంకిపోయి ఉంటుంది. అప్పుడు అధ్యాపకురాలు, "ఇక్కడ ఎందుకు ఆగావు? ఎవరిని చూస్తున్నావు?" అని అడుగుతుంది. గుడిలో దేవుడినా, సభలో రసికులనా, పక్కన తాళాలు వేస్తూ జతులు చెబుతూ నట్టువాంగం పట్టిన గురువుగారినా? ఈ ప్రశ్న మనను ఇక్కడ ఎవరూ అడగరు. దానికి సమాధానం వెతుక్కునే క్రమంలో అమ్మాయికి తన నృత్యం ఎలా కట్టబడిందో కనిపించడం మొదలవుతుంది. క్షేత్రయ్య పదంలో ఒకే పాదాన్ని తిప్పి తిప్పి పాడుతుంటే సంచారీలు (భావాన్ని విస్తరించే అభినయాలు) మార్చి మార్చి చేయడం తెలిసిన పిల్ల, ఇంప్రొవైజేషన్ తరగతిలో రెండు వారాలు బెరుకుగా ఉన్నా ఆ తరువాత అందరికన్నా ముందుంటుంది. మనోధర్మం, అంటే అప్పటికప్పుడు కల్పించి ఆడడం, మనకు కొత్తేమీ కాదు, చేతులూ కళ్లూ దాటి మొత్తం ఒంటికి దాన్ని విస్తరించడమే కొత్త.

బయాలజీ గ్రూపు చదువుతోందని రాశారు గనుక ఇంకొక కోర్సు గురించి ప్రత్యేకంగా చెప్పాలి. నర్తకుల కోసం శరీర నిర్మాణ శాస్త్రం, చలన శాస్త్రం చాలా కాలేజీల్లో మేజరులో భాగంగా ఉంటాయి. అరమండిలో కాళ్లు పక్కలకు తెరుచుకోవడం తుంటి కీలు నుంచి రావాలి. తుంటి ఎంత తెరుచుకుంటుందో అంతకు మించి పాదాలను పక్కకు తిప్పితే ఆ మెలి అంతా మోకాలి మీద పడుతుంది. చెన్నైలో రాతి పలకల మీద, సిమెంటు నేల మీద ఏళ్ల తరబడి తట్టడుగులు వేసి పాతికేళ్లకే మోకాళ్లు పట్టుకున్న పిల్లలను నేను చాలామందిని చూశాను. "ఇంకా కూర్చో, ఇంకా కూర్చో" అనే మాట ఒక్కటే తెలిసిన గురువుకు, ఎవరి తుంటి ఎంతవరకు తెరుచుకుంటుందో చేత్తో పట్టి చూడగలిగిన గురువుకు చాలా తేడా ఉంది. ఈ ఒక్క కోర్సు కోసమైనా ఆ చదువు విలువైనదేనని నా అభిప్రాయం.

నృత్య చరిత్ర కోర్సుల విషయంలో మాత్రం ఇంట్లోవాళ్లు కొంచెం సిద్ధపడి ఉండాలి. దేవదాసీల సదిర్ అనే ఆట భరతనాట్యంగా ఎలా మారింది, 1947లో మద్రాసు రాష్ట్రంలో వచ్చిన దేవదాసీ నిషేధ చట్టంతో ఆ కుటుంబాలు ఏమయ్యాయి, మన కోస్తా జిల్లాల్లో కళావంతుల ఆట ఎందుకు కనుమరుగైంది, కూచిపూడి అగ్రహారంలో తరతరాలుగా మగవాళ్లే ఆడవేషం కట్టి భామాకలాపం ఆడితే ఇవాళ వేదికల మీద స్త్రీలే ఎందుకు ఎక్కువగా ఉన్నారు వంటి ప్రశ్నలన్నీ అక్కడ బాహాటంగా చర్చకు వస్తాయి. కులం, లింగభేదం గురించిన మాటలు వస్తాయి. సెలవులకు ఇంటికి వచ్చిన అమ్మాయి గురువుగారిని ఇబ్బంది పెట్టే ప్రశ్న ఒకటైనా వేస్తుంది. దాన్ని తిరస్కారంగా తీసుకోవద్దని మాత్రం కోరుతున్నాను. నేను చూసినంతలో ఈ చరిత్ర తెలిసిన పిల్లలు నృత్యాన్ని వదలలేదు, సత్యభామ జడను పట్టుకున్నప్పుడు ఆ జడ ఎవరెవరి చేతుల మీదుగా తమ దాకా వచ్చిందో తెలిసి పట్టుకుంటున్నారు.

కూచిపూడి ఏమవుతుందన్నది మీ ప్రశ్నల్లో నిజంగా కష్టమైనది. మన పద్ధతిని నేర్పే అధ్యాపకులు అన్ని చోట్లా ఉండరు. కనెక్టికట్‌లోని వెస్లియన్ విశ్వవిద్యాలయం కథ మాత్రం వేరు. మన మద్రాసు భరతనాట్య కళాకారిణి బాలసరస్వతి 1960వ దశకంలో అక్కడ పాఠం చెప్పారు, ఆమె తమ్ముళ్లు రంగనాథన్ మృదంగం, విశ్వనాథన్ వేణువు అక్కడ చాలా కాలం బోధించారు. దక్షిణ భారత సంగీత నృత్యాలకు అక్కడ ఇప్పటికీ చోటుంది, ఏటా నవరాత్రి ఉత్సవం జరుగుతుంది. మసాచుసెట్స్‌లో ఆమ్‌హర్స్ట్, స్మిత్, మౌంట్ హోల్యోక్, హాంప్‌షైర్ కాలేజీలు, అక్కడి ప్రభుత్వ విశ్వవిద్యాలయం కలిసి నృత్య విభాగాన్ని ఉమ్మడిగా నడిపిన ఏర్పాటు ఉంది, ఒక చోట చేరినవారు మరొక చోట కోర్సు తీసుకోవచ్చు. ఇలాంటివి కాక మిగిలిన చోట్ల మీ అమ్మాయి ఒంటరిగానే కూచిపూడి సాధన చేసుకోవలసి వస్తుంది.

సాధనకు కూడా చిన్న చిన్న చిక్కులుంటాయి. అక్కడి స్టూడియోల్లో ఒత్తిడిని తట్టుకునే చెక్క నేల మీద మార్లే అనే వినైల్ పొర పరుస్తారు. మోకాళ్లకు అది ఎంతో మంచిది. అయితే తట్టు వేస్తే చప్పుడు రాదు, చెమట పట్టిన అరికాలు అతుక్కుంటుంది, గిరికీ తిరిగేటప్పుడు పాదం పట్టేస్తుంది. తన అడుగు తనకే వినిపించకపోతే కాలప్రమాణం (లయ వేగం) జారుతుంది, ఇది తెలియక మొదటి ఏడాది చాలామంది దిగులుపడతారు. గజ్జెలు కట్టుకునే సాధన చేయడం, తాళం కొట్టే తట్టుకర్ర చేతిలో ఉంచుకోవడం తేలికైన పరిష్కారాలు. అందుకే వెళ్లేలోపు మిగిలిన ఏడాదిన్నరలో కొత్త అంశాలు పోగేసుకోవడం కన్నా నట్టువాంగం నేర్చుకోమని, తను ఆడే దరువులూ పదాలూ పాడుకోగలిగేంత సంగీతం నేర్చుకోమని చెప్పండి. తాళం వేయగలిగి, పాడుకోగలిగిన పిల్ల ఎక్కడున్నా తన నృత్యాన్ని నిలుపుకుంటుంది. రికార్డింగు మీదే ఆధారపడిన పిల్లకు ఆ బలం ఉండదు. ఇంకొక అనుకూలత ఉంది: అక్కడి చలికాలపు సెలవులు డిసెంబరు మధ్య నుంచి జనవరి మూడో వారం దాకా ఉంటాయి, సరిగ్గా చెన్నైలో మన మార్గళి (ధనుర్మాసపు) కచేరీల సమయం. విమానం ఖర్చు భరించగలిగితే ఏటా ఆ నెల రోజులు గురువుగారి దగ్గర కూర్చోవచ్చు, మ్యూజిక్ అకాడమీ నృత్యోత్సవం చూడవచ్చు.

కళాక్షేత్రతో పోల్చారు. రుక్మిణీదేవి 1936లో స్థాపించిన ఆ సంస్థ గురించి నాకు గౌరవమే తప్ప వేరే మాట లేదు. 1993లో పార్లమెంటు చట్టంతో అది జాతీయ ప్రాముఖ్యం గల సంస్థ అయింది. అక్కడి నాలుగేళ్ల డిప్లొమాలో దొరికే శారీరక శిక్షణ ఏ లిబరల్ ఆర్ట్స్ కాలేజీలోనూ దొరకదు. కానీ అక్కడ నేర్పేది భరతనాట్యం. మీ అమ్మాయి కూచిపూడి గురువు వెంపటి చినసత్యంగారి బాణీలో నేర్చిందని రాశారు. ఆ ఒంటిని మళ్లీ మొదటి అడవు (ప్రాథమిక అడుగు) నుంచి మార్చుకోవాలి, కూచిపూడిలోని ఊపూ లాస్యమూ పక్కన పెట్టాలి. ఇష్టపడి చేసేవారు ఉన్నారు, బలవంతాన చేయించకూడదు. పైగా ఆమె కోరుతున్న సైకాలజీ అక్కడ ఉండదు. విశ్వవిద్యాలయ స్థాయిలో కూచిపూడే చదవాలనుకుంటే పట్టా అయిన తరువాత హైదరాబాదు విశ్వవిద్యాలయంలో ఎం.పి.ఏ. (ప్రదర్శన కళల్లో మాస్టర్స్) ఉంది, ఆ దారి ఎప్పుడైనా తెరిచే ఉంటుంది.

మన దేశంలోని లిబరల్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయాల గురించి ఎక్కువ చెప్పడానికి లేదు. చాలా చోట్ల ప్రదర్శన కళలు మైనరుగానో (ఉప అంశంగానో) ఐచ్ఛికంగానో ఉంటాయి. సోనీపత్‌లోని అశోకాలో అలా మైనరు ఉంది, బెంగళూరు క్రైస్ట్‌లో ప్రదర్శన కళలు, ఇంగ్లీషు, సైకాలజీ కలిపి బి.ఏ. నడిపారు. చెన్నైకి దగ్గరలో శ్రీసిటీలోని క్రియాలో చేరితే సైకాలజీయో జీవశాస్త్రమో గట్టిగా చదువుకుని, వారాంతాల్లో గురువుగారి దగ్గరకు రావచ్చు. నృత్యాన్ని కాలేజీకి అప్పగించకుండా మన దగ్గరే ఉంచుకునే ఈ పద్ధతి చాలా కుటుంబాలకు సరిపోతుంది, అమెరికా ఖర్చులో చిన్న భాగంతో అయిపోతుంది కూడా. ఒకేసారి రెండు చదువులు చదవడానికి యు.జి.సి. 2022లో అనుమతించింది కనుక డిగ్రీతోపాటు నృత్యంలో వేరే కోర్సు చేసే వీలూ ఉంది. 18 నుంచి 25 ఏళ్లవారికి కేంద్ర సాంస్కృతిక శాఖ ఇచ్చే యువ కళాకారుల ఉపకార వేతనానికి ఇక్కడ ఉన్నవారు ప్రయత్నించవచ్చు, నెలకు 5,000 రూపాయల చొప్పున రెండేళ్లు ఇస్తారు.

ఖర్చు సంగతికి వద్దాం. అమెరికా ప్రైవేటు కాలేజీల్లో చదువు, వసతి, భోజనం కలిపి ఏడాదికి 80,000 డాలర్లు దాటుతోంది. ఆస్తులు అమ్మి పంపవలసిన చదువు ఇది కాదని నిర్మొహమాటంగా చెబుతున్నాను. ఆర్థిక సహాయం దొరికితేనే ఆలోచించండి. ఆమ్‌హర్స్ట్ వంటి కొన్ని కాలేజీలు మాత్రమే విదేశీ విద్యార్థి సహాయం అడిగిందా లేదా అన్నది చూడకుండా ప్రవేశం నిర్ణయిస్తాయి. తక్కినవాటిలో సహాయం అడగడం వల్ల అవకాశం తగ్గుతుంది. నవంబరులో గడువు ముగిసే ఎర్లీ డెసిషన్ పద్ధతిలో దరఖాస్తు పెడితే సీటు వచ్చాక చేరి తీరాలి కనుక, నాలుగు చోట్ల ఇచ్చే సహాయాన్ని పోల్చి చూసుకోవలసిన కుటుంబం దాని జోలికి తొందరపడి పోకూడదు. నృత్యానికని విడిగా ఉపకార వేతనం పెద్ద కాలేజీల్లో అరుదు. అయితే దరఖాస్తుతోపాటు పంపే నృత్య వీడియోను విభాగం వారు చూసి తమ అభిప్రాయం ప్రవేశ కార్యాలయానికి చెబుతారు, అది తప్పకుండా పనికి వస్తుంది.

ఆ వీడియోగా రంగప్రవేశం సీడీలోని ముక్క పంపవద్దు. లక్షలు పోసి తీయించిన ఆ వీడియోలో పొగలు, రంగు దీపాలు, పాదం చూపవలసిన చోట ముఖం, ముఖం చూపవలసిన చోట నటరాజ విగ్రహం ఉంటాయి. నర్తకి ఎంత బాగా చేస్తుందో ఎవరికీ తెలియదు. ఒకే కెమెరాను కదలకుండా నిలిపి, తల నుంచి అరికాలి దాకా కనిపించేలా, కోత లేకుండా, మామూలు సాధన చీరలో తీయండి. తరంగంలో పళ్లెం మీద అడుగులు చూసేవారిని ఆశ్చర్యపరుస్తాయన్నది నిజమే, ఒక నిమిషం చాలు. దాని పక్కన అభినయం ఒకటి, తను సొంతంగా కూర్చుకున్నది ఒకటి ఉండాలి. ఆ మూడోదాన్నే వాళ్లు ఎక్కువ శ్రద్ధగా చూస్తారు.

బతుకుతెరువు గురించి. చెన్నైలో సభల్లో ఆడి బతకగలిగినవారు వేళ్ల మీద లెక్కించదగినంత మందే. వాద్యబృందానికి ఇచ్చే సొమ్ము చాలాసార్లు సభ ఇచ్చే సొమ్మును మించిపోతుంది. డిప్లొమా ఉన్నా, అమెరికా పట్టా ఉన్నా ఈ సంగతి మారదు. రెండో మేజరు ఎందుకు కావాలంటే ఇందుకే. రెండిటినీ సగం సగం పట్టుకుంటే రెంటికీ చెడ్డ రేవడి అవుతుందేమోనన్న మీ భయం సహజమే, కానీ నృత్యంతో సైకాలజీ కలిపినవారు నృత్య చికిత్సలో మాస్టర్స్‌కు వెళ్లవచ్చు. అమెరికాలో ఆ వృత్తికి మాస్టర్స్ తప్పనిసరి. ఐ.బి. (ఇంటర్నేషనల్ బాకలారియేట్) పాఠశాలల్లో నృత్యం ఒక పాఠ్యాంశం, దానికి నాలుగు వాక్యాలు రాసి విశ్లేషించగల ఉపాధ్యాయులు కావాలి. కాలేజీ అధ్యాపకత్వానికి యు.జి.సి. నెట్‌లో నృత్యం, నాటకం కలిసిన విభాగం ఉంది, దానికి మాస్టర్స్ ఉండాలి కనుక వట్టి డిప్లొమాతో ఆ తలుపు తెరుచుకోదు. పట్టా తరువాత అమెరికాలో పని చేయాలనుకుంటే ఒక తేడా గుర్తుంచుకోండి: నృత్యం పట్టాకు ఇచ్చే పని అనుమతి 12 నెలలు, జీవశాస్త్రం వంటి స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, గణితం) విషయానికైతే మరో 24 నెలలు పొడిగింపు ఉంటుంది. మీ అమ్మాయికి జీవశాస్త్రం మీద నిజంగా ఇష్టం ఉంటే, సైకాలజీ కన్నా ఆ జోడీయే నేను సూచిస్తాను.

కాలేజీల జాబితా వేసుకున్నాక ప్రతి నృత్య విభాగానికీ అమ్మాయి చేతనే ఉత్తరం రాయించండి. ఈ సెమిస్టరు వారపు కాలపట్టిక పంపమని, పాశ్చాత్యేతర పద్ధతిలోని టెక్నిక్ మేజరుకు లెక్కకు వస్తుందా అని, చివరి ఏడాది ప్రాజెక్టుగా కూచిపూడి అంశం కూర్చుకోవచ్చా అని, రాత్రి తొమ్మిది తరువాత స్టూడియో తెరిచి ఉంటుందా అని అడగాలి. వివరంగా, ఆసక్తిగా జవాబు రాసిన విభాగాన్ని పేరున్న కాలేజీకన్నా పైన పెట్టుకోండి. మేజరును రెండో ఏడాది చివరి దాకా ప్రకటించనక్కరలేదు కనుక, నృత్యమా జీవశాస్త్రమా రెండూనా అన్నది ఇప్పుడే తేల్చమని ఆమెను ఇంట్లో ఎవరూ ఒత్తిడి చేయనవసరం లేదు.